పాటకా, భోజనానికా? అమెరికా దక్షిణాదిలో లైవ్ మ్యూజిక్ చోటు ఎంచుకునే ముందు

మా నాన్న రెండోసారి అట్లాంటా వచ్చినప్పుడు ఒక కోరిక చెప్పారు. "పోయినసారి జలపాతాలూ భవనాలూ అన్నీ చూపించారు. ఈసారి ఇక్కడి మనుషులు పాడుతుంటే ఎదురుగా కూర్చుని వినాలని ఉందమ్మా" అన్నారు. గుంటూరులో శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, కచేరీలు రాత్రి పొద్దుపోయేదాకా విన్న మనిషి ఆయన. నాకు ఎంతో సంతోషం వేసింది. శనివారం రాత్రికి ఒక బ్లూస్ (దక్షిణాది నల్లజాతివాళ్ల పాట) క్లబ్‌లో టేబుల్ బుక్ చేశాను, సదరన్ భోజనం కూడా అక్కడే అయిపోతుంది కదా అని.

తొమ్మిదింటికి వెళ్తే స్పీకర్ పక్క టేబుల్ ఇచ్చారు. అమ్మ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆకుకూరే కదా అని ఆమె కోసం తెప్పించిన కాలర్డ్ గ్రీన్స్‌లో పంది మాంసం ముక్కలున్నాయి. నాన్నేమో గిటార్ మీద కదులుతున్న వేళ్లనే చూస్తున్నారు, కళ్లు తిప్పకుండా. అమ్మ అవస్థ చూసి ఆయనే ముందు లేచారు. అరగంట కూడా ఉండలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి నా మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత నాష్‌విల్, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్, మధ్యలో మిసిసిపీ డెల్టా తిరిగాం. ఒకసారి అమ్మానాన్నలతో, ఒకసారి అత్తయ్య మామయ్యలతో, మిగతాసార్లు మేమూ పిల్లలూ. ఇప్పుడు ఎవరైనా "పేరెంట్స్ వస్తున్నారు, మంచి లైవ్ మ్యూజిక్ ప్లేస్ ఒకటి చెప్పు" అంటే ముందు నేనే వాళ్లను అడుగుతాను: పాట వినడానికి వెళ్తున్నారా, నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ తినడానికి వెళ్తున్నారా? దీనికి జవాబు తేలితే సగం పని అయిపోయినట్టే.

మూడు రకాల గదులు

పేర్లు, రేటింగులు పక్కన పెడితే, ఈ చోట్లన్నీ మూడు రకాలే.

ఒకటి, నోరు మూసుకుని వినాల్సిన గది. అక్కడ పాటే ప్రధానం. భోజనం ఉండదు, ఉన్నా పేరుకే. రెండోది, తినేవాళ్లు తింటుంటే, పాడేవాళ్లు పాడుతుంటే, అందరూ గట్టిగా మాట్లాడుకునే గది. మూడోది, తినడానికి ఒక గది, వినడానికి ఇంకో గది. చెన్నైలో డిసెంబరు కచేరీలకు వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సభ క్యాంటీన్‌లో టిఫిన్, కాఫీ అయ్యాక చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్తాం. రెండింటికీ న్యాయం జరుగుతుంది.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నా ఓటు ఎప్పుడూ మూడో రకానికే. సంగీతం అంటే ప్రాణం పెట్టేవాళ్లతో వెళ్తే మొదటి రకం, భోజనం వేరేచోట ముందే ముగించుకుని. రెండో రకానికి పగటిపూట వెళ్లండి. అదే గది మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకలా, రాత్రి పదింటికి ఇంకోలా ఉంటుంది. నేను చేసిన పొరపాటు అక్కడే.

న్యూ ఆర్లీన్స్: రెండూ కావాలంటే ముందు ఇక్కడికే

తిండి విషయంలో మనవాళ్లకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే ఊరు ఇదే. ఇక్కడివాళ్లు అన్నం తింటారు. బెండకాయ, రొయ్యలు, పీతలు, కారం అన్నీ వంటలో ఉంటాయి. గంబో అనే పులుసు పేరే ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతో పాటే ఆ గింజా, ఆ వంటా, ఆ లయా ఓడలో వచ్చాయి. భోజనం, పాట ఇక్కడ పక్కపక్కనే ఎందుకుంటాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫ్రెంచ్ క్వార్టర్‌లో సెయింట్ పీటర్ స్ట్రీట్ మీద ప్రిజర్వేషన్ హాల్ ఉంది. 1961 నుంచి నడుస్తోంది. పాతకాలపు న్యూ ఆర్లీన్స్ జాజ్ వాయించే పెద్ద వయసు కళాకారులకు ఒక చోటు ఉండాలని మొదలుపెట్టారు. చిన్న గది, పెచ్చులూడిన గోడలు, నాలుగు బెంచీలు, ముందు నేల మీద మెత్తలు, వెనక నిలబడేవాళ్లు. ఒక్కో షో ముప్పావుగంట. వంటగది లేదు. వాయిస్తుండగా ఫోటోలు తీయనివ్వరు. పిల్లల్ని తీసుకెళ్లవచ్చు. పెద్దవాళ్లుంటే మాత్రం మామూలు టికెట్ తీసుకోకండి. బెంచీలు నిండిపోతే ముప్పావుగంటా నిలబడాలి. ముందు వరుసల్లో సీటు ఖాయంగా ఇచ్చే టికెట్లు వేరే ఉంటాయి, ధర ఎక్కువే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ తేడా పెట్టడం దండగ కాదు.

మా నాన్నకు కావాల్సింది దొరికింది ఇక్కడే. ట్రంపెట్ వాయించే పెద్దాయన నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. "మైకు లేదు చూశావా" అని నాన్న నా చెవిలో అన్నారు. ముప్పావుగంటే కాబట్టి అమ్మ కూడా హాయిగా కూర్చుంది.

తినడం, వినడం ఒకే చోట కావాలంటే ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లో స్నగ్ హార్బర్. భోజనానికి ఒక గది, దాని పక్కనే టికెట్‌తో వెళ్లే సంగీతం గది. ఎల్లిస్ మార్సాలిస్ దశాబ్దాల పాటు శుక్రవారాలు ఇక్కడ పియానో వాయించారు. ఆయన 2020లో కోవిడ్ సమస్యలతో చనిపోయారు. పేరున్న జాజ్ కళాకారులు వింటన్, బ్రాన్‌ఫర్డ్ ఆయన కొడుకులే. ఆ వీధిలో మిగతా చోట్లు చాలావరకు రెండో రకం. తలుపులు తీసే ఉంటాయి కాబట్టి బయట నిలబడి ఐదు నిమిషాలు విని, నచ్చితేనే లోపలికి వెళ్లవచ్చు. బర్బన్ స్ట్రీట్ కన్నా నాకు ఈ వీధి ఎంతో నచ్చింది. బర్బన్ స్ట్రీట్‌లో రాత్రిపూట తాగి తూలేవాళ్ల మధ్య అత్తయ్యగారిని నడిపించుకెళ్లడం నా వల్ల కాదు.

పగటిపూట అయితే జాజ్ బ్రంచ్. గార్డెన్ డిస్ట్రిక్ట్‌లో కమాండర్స్ ప్యాలెస్ పెద్ద పేరున్న చోటు. చిన్న బృందం టేబుల్ టేబుల్‌కీ వచ్చి వాయిస్తుంది, అడిగితే మీకు తెలిసిన పాట కూడా. షార్ట్స్ వేసుకుని వెళ్తే లోపలికి రానివ్వరు. ఇక్కడ బాగా పేరున్న సూపు తాబేలుది. మెనూ తెరిచేలోపే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. అంత ఖర్చు వద్దనుకుంటే రాయల్ స్ట్రీట్‌లో కోర్ట్ ఆఫ్ టూ సిస్టర్స్ ఉంది, పెద్ద పెరట్లో చెట్ల నీడన బఫే. బఫే అంటే పెద్దవాళ్లకు టెన్షన్ తక్కువ. ఏది ఏమిటో చూసి, అడిగి వడ్డించుకోవచ్చు.

పిల్లలున్నవాళ్లు రాక్ ఎన్ బౌల్ మరిచిపోవద్దు. ఒకవైపు బౌలింగ్ ఆట, ఇంకోవైపు స్టేజీ, మధ్యలో తిండి. గురువారం రాత్రులు జైడెకోకు పేరు. అకార్డియన్, ఛాతీకి తగిలించుకునే రేకు పలకతో వాయించే సంగీతం ఇది, లూయిసియానా పల్లెల్లో ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి వాళ్లది. "బీన్స్‌లో ఉప్పు లేదు" అనే ఒక ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఉప్పు వేసి నిలవపెట్టిన మాంసం కొనే స్తోమత లేని రోజులన్నమాట. పేదరికం గురించిన మాట, కానీ ఆ పాట వింటే కాళ్లు ఆగవు. మా పాప రెండు ఆటలు వదిలేసి వెళ్లి డాన్స్ చేసింది.

సోమవారం ఊళ్లో ఉంటే రెడ్ బీన్స్, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి. ఒకప్పుడు సోమవారం బట్టలుతికే రోజు. ఆదివారం మిగిలిన పంది ఎముక వేసి, బీన్స్ పొయ్యి మీద పెట్టి ఆడవాళ్లు ఉతుకుడు పనికి కూర్చునేవారు. ఈ ఊళ్లో పుట్టిన జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఈ వంట ఎంత ఇష్టమంటే, ఉత్తరాల చివర "రెడ్ బీన్స్ అండ్ రైస్‌లీ యువర్స్" అని సంతకం చేసేవారు. చూడటానికి మన రాజ్మా అన్నంలా ఉంటుంది కానీ లోపల పంది మాంసం ఉందనే అనుకోండి.

నాష్‌విల్: వినేవాళ్ల ఊరు

అట్లాంటా నుంచి నాలుగు గంటల డ్రైవ్. వారాంతానికి సరిపోతుంది. పాట విషయంలో నాకు ఇష్టమైన ఊరు ఇదే. తిండి, పాట రెండూ ఒకే బల్ల మీద మాత్రం ఇక్కడ ఆశించకండి.

బ్లూబర్డ్ కఫే చూస్తే ఇదేనా అనిపిస్తుంది. హిల్స్‌బరో పైక్ మీద మామూలు దుకాణాల వరసలో ఒక షాపు, లోపల 90 సీట్లు. 1982లో మొదలైంది. నలుగురు పాటల రచయితలు గది మధ్యలో గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు తాము రాసిన పాట పాడుతూ అది ఎలా పుట్టిందో చెబుతారు. మాట్లాడితే "ష్" అంటారు, ఆ మాటే ఆ చోటుకు గుర్తు. 2004లో ఇక్కడ పాడుతున్నప్పుడే టేలర్ స్విఫ్ట్ ఒక రికార్డు కంపెనీ పెట్టబోతున్న మనిషి కంటపడింది. ఇంట్లో టీనేజ్ అమ్మాయి ఉంటే ఈ ఒక్క ముక్క చాలు, మిగతా ప్లాన్ అంతా తనే వేస్తుంది. టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన నిమిషాల్లోనే అయిపోతాయి, టైం చూసుకుని కూర్చోవాలి. ఒక్కో సీటుకు తిండో పానీయమో కనీసం ఇంత తీసుకోవాలన్న నియమం ఉంది. ఇంగ్లిష్ మాటలు సరిగా అందని పెద్దవాళ్లకు మాత్రం ఈ చోటు చెప్పను. ఇక్కడ అందమంతా మాటల్లోనే ఉంది. మామయ్యగారు మర్యాదగా కూర్చున్నారు కానీ, ఒక రచయిత తండ్రి చనిపోయిన సంగతి చెప్పి గదంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నాకే బాధేసింది.

అలాంటి వాళ్లకు గ్రాండ్ ఓల్ ఆప్రీ బాగుంటుంది. 1925లో కంట్రీ పాటల రేడియో కార్యక్రమంగా మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో కళాకారుడు రెండు మూడు పాటలు పాడి వెళ్లిపోతాడు. ఫిడేలు ఉంటుంది, హాస్యం ఉంటుంది, ఒకటి నచ్చకపోతే పది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. దాదాపు 4,400 సీట్ల హాలు, ఎవరి సీటు వాళ్లకు ఉంటుంది, పార్కింగ్ దగ్గరే. అంతకుముందు, 1943 నుంచి 1974 దాకా, ఇది జరిగింది డౌన్‌టౌన్‌లోని రైమన్ ఆడిటోరియంలో. 1892లో ప్రార్థన మందిరంగా కట్టిన ఇల్లు అది, ఇప్పటికీ చర్చి బల్లలే సీట్లు. పాట ధ్వని అక్కడ అద్భుతంగా ఉంటుంది. ఆ బల్లల మీద రెండు గంటలు కూర్చోవాలంటే చిన్న దిండు పట్టుకెళ్లాలనిపిస్తుంది.

బ్రాడ్‌వే వీధి హాంకీటాంక్‌లు, అంటే కంట్రీ పాటలుండే బార్లు, పూర్తిగా రెండో రకం. చాలా చోట్ల ప్రవేశ రుసుము ఉండదు. పొద్దున్నుంచే పాట మొదలవుతుంది. కళాకారులు బతికేది ఎక్కువగా మనం బకెట్‌లో వేసే డబ్బుల మీద. అందుకే ఒక్క కోక్ తాగి లేచినా ఆ బకెట్‌లో ఏదో ఒకటి వేయండి. సాయంత్రం ఆరు తర్వాత చాలావాటిలోకి 21 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వరు. కాబట్టి పిల్లలతో మధ్యాహ్నమే వెళ్లి రావాలి.

కూర్చుని తింటూ వినాలనుకుంటే లిజనింగ్ రూమ్ కఫే ఉంది. పద్ధతి బ్లూబర్డ్‌దే, రచయితలే పాడతారు, కానీ పూర్తి భోజనం ఉంటుంది, గది పెద్దది, టికెట్ దొరకడం కాస్త సులువు. బ్లూబర్డ్ దొరకలేదని దిగులుపడేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

మా పెద్దవాళ్లకు నాష్‌విల్‌లో అన్నిటికన్నా బాగా కుదిరిన రోజు ఇలా గడిచింది: పొద్దున బెల్‌వ్యూ వైపున్న శ్రీ గణేశ దేవాలయం, అక్కడికి కొద్ది మైళ్లలోనే లవ్‌లెస్ కఫేలో వేడి బిస్కెట్లు, జామ్, సాయంత్రం ఆప్రీ. అన్నట్టు, ఇక్కడ బిస్కెట్ అంటే మన చాయ్ బిస్కెట్ కాదు, మెత్తటి పొరల రొట్టె. నాన్నకు మర్నాడు హాట్ చికెన్ తినిపించాం. మిరపకారం నూనె పూసిన వేపుడు కోడి. మధ్యస్థం కారం తీసుకున్నారు, గుంటూరు మనిషి కాబట్టి రెండో ముక్కకు ఒక మెట్టు పైది అడిగారు.

మెంఫిస్, క్లార్క్స్‌డేల్: బ్లూస్ కోసమే అయితే

మెంఫిస్ బీల్ స్ట్రీట్‌ను 1977లో అమెరికా కాంగ్రెస్ "బ్లూస్‌కు ఇల్లు" అని ప్రకటించింది. బ్లూస్ గిటార్ కళాకారుడు బి.బి. కింగ్ పేరులోని ఆ రెండు అక్షరాలు కూడా ఈ వీధి నుంచి వచ్చినవే. రేడియోలో పనిచేసే రోజుల్లో ఆయన్ను "బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్" అనేవారు, అదే పొట్టిగా బి.బి. అయింది. ఆయన పేరు మీద 1991లో తెరిచిన క్లబ్ వీధి మొదట్లోనే ఉంది. భోజనం, పాట ఒకే హాల్లో, రెండో రకం. సాయంత్రం ఐదారు గంటలకు వెళ్తే కుటుంబంతో హాయిగా ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక వీధంతా జనం, చేతుల్లో గ్లాసులు, ప్రతి తలుపు నుంచీ ఒక బ్యాండ్. పాతికేళ్ల వయసువాళ్లకు అదే సరదా, సందేహం లేదు. పెద్దవాళ్లకు పగలు నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం చూపించండి. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన లొరేన్ మోటెల్‌లోనే అది ఉంది. అది చూశాక సాయంత్రం బ్లూస్ వింటే ఆ గొంతులో ఏముందో వేరే చెప్పనక్కర్లేదు.

మెంఫిస్ నుంచి గంటన్నర దక్షిణంగా వెళ్తే మిసిసిపీలో క్లార్క్స్‌డేల్. చిన్న ఊరు, సగం దుకాణాలు మూసే ఉంటాయి. అయినా బ్లూస్ పుట్టిన నేల చూడాలంటే ఇక్కడికే రావాలి. పత్తి చేలల్లో వారమంతా పనిచేసిన నల్లజాతి కూలీలు శనివారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో చేరేవారు. చేపలు వేయించి అమ్మేవాళ్లు అమ్ముతుంటే, గిటార్ ఉన్నవాళ్లు వాయించేవాళ్లు. జూక్ జాయింట్ అంటే అదే. అక్కడ భోజనాన్ని, పాటను విడదీసే గోడ లేదు, నేను చెప్పిన మూడు రకాలూ లేవు. ఒకటే గది, అది వాళ్లది. గ్రౌండ్ జీరో బ్లూస్ క్లబ్ ఆ తీరును నిలబెట్టాలని 2001లో తెరిచారు. నటుడు మోర్గన్ ఫ్రీమన్ భాగస్వామి. పాత పత్తి గోదాములో, గోడల నిండా రాతలు, ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించిన క్యాట్‌ఫిష్. రోజూ తెరవరు, వారాంతం చూసుకుని వెళ్లాలి. పక్కనే పాత రైల్వే గూడ్స్ షెడ్డులో డెల్టా బ్లూస్ మ్యూజియం. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బతికిన చెక్క గుడిసె అందులో ఉంది.

మేము ఆ ఊరు దాటింది అక్టోబరులో, ఒక సోమవారం పగలు. మ్యూజియం చూసి న్యూ ఆర్లీన్స్ వైపు బయల్దేరాం. దారికి రెండు పక్కలా పత్తి. నాన్న కారు ఆపమన్నారు. మా తాతగారు పత్తి రైతు. నాన్న దిగి, విచ్చిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని దూది వేళ్లతో లాగి చూశారు. "తీసేటప్పుడు ఈ మొనలు గుచ్చుకుని చేతులు పగిలిపోతాయి" అన్నారు. ఇంకేమీ అనలేదు. కారులో బ్లూస్ పెట్టమని ఆయనే అడిగారు.

ఎక్కువ దూరం వెళ్లలేనివాళ్లకు

డల్లాస్, హ్యూస్టన్, ఓర్లాండో, షికాగో లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకు హౌస్ ఆఫ్ బ్లూస్ అనే మ్యూజిక్ క్లబ్ శాఖ దగ్గర్లోనే ఉంటుంది. దీని వెనక మనకు తెలిసిన ఒక సంగతి ఉంది. దీన్ని 1992లో మొదలుపెట్టిన ఐజక్ టిగ్రెట్ అంతకుముందు హార్డ్ రాక్ కఫే స్థాపకుల్లో ఒకరు, పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తుడు. హార్డ్ రాక్ వాటా అమ్మాక పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి భారీ విరాళం ఇచ్చారు. "హెల్ప్ ఎవర్, హర్ట్ నెవర్" అన్న బాబా మాటే హౌస్ ఆఫ్ బ్లూస్‌కూ నినాదమైంది. ప్రతి స్టేజీ కింద మిసిసిపీ డెల్టా మట్టి పెట్టె ఒకటి ఉంచడం వీళ్ల ఆనవాయితీ. 2006 నుంచి ఇది కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్ కంపెనీ చేతిలో ఉంది.

ఇది మూడో రకం, రెస్టారెంట్ వేరు, మ్యూజిక్ హాల్ వేరు. ముందు రెస్టారెంట్‌లో తింటే క్యూలో నిలబడకుండా హాల్లోకి ముందుగా పంపే ఏర్పాటు ఉంటుంది, అడిగి కనుక్కోండి. చాలా షోలకు కింద అంతస్తంతా నిలబడేవాళ్లదే, కుర్చీ కావాలంటే టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి. నిజం చెప్పాలంటే వంట న్యూ ఆర్లీన్స్‌కు దగ్గరికి రాదు. నేను ఇక్కడికి వెళ్లమనేది ఒక్కదాని కోసం: గాస్పెల్ బ్రంచ్. ఆదివారం పగలు బఫే, స్టేజీ మీద చర్చి గాయకులు. ఒకరు ఒక పంక్తి ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు, చప్పట్లతో వేగం పెరుగుతుంది. భజన తెలిసిన పెద్దవాళ్లకు దీనికి అనువాదం అక్కర్లేదు. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరితో లేచి చప్పట్లు కొట్టింది. స్పీకర్ పక్కన చెవులు మూసుకున్న మనిషే. ప్రతి ఆదివారం ఉండదు, ముందు తేదీలు చూసుకోండి.

ఆస్టిన్ వెళ్లేవాళ్లకు బ్రోకెన్ స్పోక్ ఉంది, 1964 నుంచి. ముందు భోజనశాల, వెనక డాన్స్ హాలు. అక్కడ పేరున్న వంట చికెన్ ఫ్రైడ్ స్టేక్. పేరులో చికెన్ ఉంది కానీ అది బీఫ్. చికెన్‌లా పిండి అద్ది వేయిస్తారు కాబట్టి ఆ పేరు. మనవాళ్లు ఎంతోమంది తెలియక తెప్పించుకుని బాధపడటం విన్నాను.

ప్లేటులో ఏముందో

ఇక్కడ ఒక్క నియమం పెట్టుకోండి. "ఇది వెజిటేరియనేనా" అని అడగొద్దు. ఆకుకూరలు, బీన్స్ కాబట్టి అవునని మనస్ఫూర్తిగా చెబుతారు. "ఇందులో హ్యామ్, బేకన్, పంది కొవ్వు, చికెన్ స్టాక్ ఏమైనా వేస్తారా" అని పేరుపేరునా అడగండి. కాలర్డ్ గ్రీన్స్, అలసందలు, గ్రీన్ బీన్స్ మూడూ పంది ఎముకతో ఉడికించడం ఇక్కడి అలవాటు. గంబోలో రొయ్యలున్నా అందులో ఆండూయీ సాసేజ్, అంటే పంది మాంసం, ఉండవచ్చు. మెంఫిస్‌లో బార్బెక్యూ అంటే ముఖ్యంగా పంది, టెక్సస్‌లో ముఖ్యంగా బీఫ్. ఆ రెండూ తినని మాంసాహారులకు వేయించిన కోడి, క్యాట్‌ఫిష్, రొయ్యలు వేసిన గ్రిట్స్ ఉన్నాయి. గ్రిట్స్ మొక్కజొన్న రవ్వతో చేసే జావ లాంటిది, చిక్కగా ఉంటుంది, ఉప్మా ఇష్టమైనవాళ్లకు నచ్చుతుంది. రొయ్యల పైన బేకన్ చల్లుతారు, వద్దని చెప్పండి.

శాకాహారులకు మాక్ అండ్ చీజ్, చిలగడదుంప, వేయించిన బెండకాయ, వేయించిన పచ్చి టమాటా, కోల్‌స్లా. కొన్ని చోట్ల నాలుగు సైడ్ డిష్‌లు కలిపి వెజిటబుల్ ప్లేట్ అని ఇస్తారు. కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు ఉంటుంది. వేపుళ్లు కోడి వేయించిన నూనెలోనే వేయించి ఉండవచ్చు. అది పట్టింపు ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లకు ఇంట్లోనో గుడి దగ్గరో ముందే భోజనం పెట్టేసి, పాటకు మాత్రమే తీసుకెళ్లండి. మొహమాటంతో అర్ధాకలితో కూర్చోబెట్టడం కన్నా అది నయం. స్వీట్ టీలో చక్కెర చాలా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకు అన్‌స్వీట్ అని గట్టిగా చెప్పాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా: టికెట్, ఒక్కో మనిషి కనీస ఖర్చు, భోజనం బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్, కళాకారుల బకెట్, పార్కింగ్. ఈ ఐదూ కలిపి లెక్కేసుకుంటే చివర్లో మనసు చివుక్కుమనదు. టికెట్లు ఆ చోటు సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి, అరవై దాటినవాళ్లనూ తలుపు దగ్గర ఐడీ అడుగుతారు. పిల్లలకు, పెద్దలకు ఇయర్ ప్లగ్స్, ఏసీ చలికి ఒక శాలువా.

ఎవరికి ఏది

ఒకే ఒక్క ట్రిప్, ఇంట్లో అన్ని వయసులవాళ్లూ ఉంటే న్యూ ఆర్లీన్స్. పొద్దున బ్రంచ్, సాయంత్రం ప్రిజర్వేషన్ హాల్‌లో ముందు వరుస, తొమ్మిదికల్లా హోటల్. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు, పాటలు రాసే పిల్లలు ఉన్న ఇల్లయితే నాష్‌విల్, బ్లూబర్డ్ దొరికితే అది, లేకపోతే లిజనింగ్ రూమ్. భక్తి ఉన్న పెద్దవాళ్లు, దూరం వెళ్లలేనివాళ్లకు గాస్పెల్ బ్రంచ్. స్నేహితులే అయితే బీల్ స్ట్రీట్‌కు ఎంత రాత్రయినా వెళ్లండి. వినడానికే పుట్టినట్టుండే మనిషి ఒకరు మీ ఇంట్లో ఉంటే, వాళ్లను క్లార్క్స్‌డేల్ తీసుకెళ్లండి. మాలా పగలు దాటిపోవద్దు, రాత్రికి ఉండండి.

నాన్న మళ్లీ వస్తున్నారు, ఈసారి కూడా పత్తి తీసే రోజుల్లోనే. క్లార్క్స్‌డేల్‌లో శుక్ర, శనివారాలు రెండు రాత్రులకు గది బుక్ చేశాం. అమ్మ మొదటి రాత్రి వస్తానంది. రెండో రాత్రి తను గదిలో ఉంటుందట, మమ్మల్ని మాత్రం నాన్న లేద్దామనేదాకా లేవొద్దని చెప్పింది.